మొదటి నెల మీ ఊరికే ఇవ్వండి

చదువుకో, ఉద్యోగానికో యూరప్ చేరిన మనవాళ్లు తొలి సెలవు దొరకగానే ప్యారిస్ టికెట్టు కొంటున్నారు. తామున్న ఊరు మాత్రం కాలేజీ, గది, సూపర్ మార్కెట్‌తోనే ఆగిపోతోంది. బెర్లిన్‌లో కొత్తగా దిగేవాళ్ల తొలి వారాలు ఎలా గడిస్తే బాగుంటుందో చెప్పే కథనమిది.

బెర్లిన్‌లో అపార్ట్‌మెంట్లకు సాధారణంగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. వీధి పేరు, బిల్డింగ్ నంబరు, అంతే. లోపల ఇరవై కుటుంబాలుంటే తలుపు పక్కన ఇరవై బజర్లు, ఒక్కోదాని మీద ఒక్కో ఇంటిపేరు. లోపలి లెటర్ బాక్సుల మీదా అవే పేర్లు. పోస్ట్‌మ్యాన్ ఆ పేరు చూసే ఉత్తరం వేస్తాడు. పేరు కనబడకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు వంటివి ఈ దేశంలో ఇప్పటికీ పోస్టులోనే వస్తాయి కాబట్టి, గది తాళం చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని లెటర్ బాక్స్ మీద పేరు అంటించడం.

వింటర్ సెమిస్టర్ అక్టోబరు 1న మొదలవుతుంది. సెప్టెంబరు ఆఖర్లో మన పిల్లలు ఒక్కొక్కరే దిగుతుంటారు. గది దొరికేదాకా ఒకరిద్దరు మా ఇంట్లో ఉండి వెళ్లడం మామూలే. కిందటిసారి ఖమ్మం నుంచి వచ్చిన అబ్బాయి, "అక్కా, అగ్రిమెంట్‌లో ఫ్లాట్ నంబరే రాయలేదు వీళ్లు, ఇదేమన్నా మోసమా?" అని కంగారుపడ్డాడు. నేనూ వెంట వెళ్లాను. తెల్లకాగితం ముక్క మీద అతని ఇంటిపేరు పెద్దక్షరాలతో రాయించి, సెలోటేపుతో బాక్స్‌కు అంటించాం. పక్క బాక్స్ మీద ఒక టర్కీ పేరు ఉంది. దాని కింద వియత్నాం పేరు. ఆ పక్కన పోలండ్ పేరు. ఈ ఊళ్లోకి ఎవరెవరు, ఎప్పుడు, ఎందుకు వచ్చారో ఆ బాక్సుల ముందు నిలబడి చెప్పుకోవచ్చు. అబ్బాయికి కొంత చెప్పాను కూడా.

ఇల్లు సర్దుకోవడం వేరు, ఊరు చూడటం వేరు అని మనవాళ్లు లెక్క వేసుకుంటారు. ముందు కాగితాల పని కానీ, తర్వాత తిరుగుదాం అనుకుంటారు. కాగితాల పని అయ్యేలోగా క్లాసులు మొదలవుతాయి, పార్ట్‌టైం పని దొరుకుతుంది, చలి ముదురుతుంది. తొలి సెలవు రాగానే తక్కువ ధర విమానంలో ప్యారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్ చుట్టేసి వస్తారు. ఈఫిల్ టవర్ ముందు ఫొటో దిగినవాళ్లలో, రెండేళ్లు బెర్లిన్‌లో ఉండి కూడా ఒకప్పుడు ఊరిని చీల్చిన గోడ ఎక్కడ ఉండేదో చూడనివాళ్లు ఉన్నారు. నాకది నిజంగా బాధ అనిపిస్తుంది. ఈ ఊళ్లో సర్దుకునే పనీ ఊరు చూసే పనీ ఒక్కటే. కొత్తిమీర కోసం వెళ్లినా, సంతకం కోసం వెళ్లినా దారిలో చరిత్ర ఉంటుంది. తల తిప్పి చూడాలి, అంతే.

సంతకం కోసం వెళ్లిన చోట

దిగినవాళ్లకు తప్పనిది అన్‌మెల్డుంగ్, అంటే అడ్రస్ నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా చేయించుకోవాలని చట్టం. పాస్‌పోర్టుతో పాటు ఇంటి యజమాని సంతకం పెట్టిన ధ్రువపత్రం తీసుకుని బ్యుర్గర్ ఆమ్ట్ అనే పౌరసేవా కార్యాలయానికి వెళ్లాలి. చాలా పనులకు ఈ నమోదు కాగితమే మూలం. అపాయింట్‌మెంట్లు వెంటనే దొరకవు. అయితే నగరంలో ఏ ప్రాంతపు కార్యాలయంలోనైనా తీసుకోవచ్చు. ఇంటి పక్కన ఖాళీ లేదని ఆగిపోవద్దు, దూరంగా దొరికినా వెళ్లండి.

క్యోపెనిక్‌లో దొరికిందనుకోండి, అదృష్టమే. ఊరికి ఆగ్నేయంగా ష్ప్రే, డాహ్‌మె నదులు కలిసే చోటది. నీళ్ల మధ్య చిన్న రాజప్రాసాదం, పాత పేట. అక్కడి టౌన్‌హాల్ గుమ్మం దగ్గర సైనిక కెప్టెన్ వేషంలో ఒక విగ్రహం ఉంటుంది. అతను విల్‌హెల్మ్ ఫోయ్గ్ట్, చెప్పులు కుట్టే మనిషి. పాత నేరాలకు జైలు అనుభవించి బయటికొచ్చాక అతనికి నివాస అనుమతి దొరకలేదు. అనుమతి లేనిదే పని లేదు, పని లేనిదే అనుమతి లేదు. 1906 అక్టోబరు 16న పాత కెప్టెన్ యూనిఫాం కొనుక్కుని వేసుకున్నాడు. దారిలో కనబడ్డ సైనికులకు ఆజ్ఞ ఇచ్చి వెంటబెట్టుకుని ఈ టౌన్‌హాల్‌కు వచ్చాడు, మేయర్‌ను అరెస్టు చేయించాడు, ఖజానా డబ్బు పట్టుకుపోయాడు. యూనిఫాం చూసి ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. తర్వాత దొరికి నాలుగేళ్ల శిక్ష పడింది, 1908లో చక్రవర్తి క్షమించి వదిలేశాడు. నివాస కాగితం కోసం ఆరాటపడే వయసులో ఉన్న మన పిల్లలు ఆ విగ్రహాన్ని ఒక్కసారి చూడాలని నా కోరిక.

డబ్బు సంగతులు గబగబా చెబుతాను. విద్యార్థి వీసాకు బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపించారు కదా, అందులోంచి నెలకు 992 మాత్రమే చేతికి వస్తాయి. అద్దె ప్రకటనల్లో కాల్ట్‌మీటె అంటే ఉత్త అద్దె, వార్మ్‌మీటె అంటే హీటింగు, నిర్వహణ ఖర్చులు కలిపిన అద్దె. డిపాజిట్ ఉత్త అద్దెకు మూడు రెట్లు మించకూడదు, దాన్ని మూడు నెలల వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు ఉంది. ఇల్లు చూడకుండా, తాళం పుచ్చుకోకుండా విదేశీ ఖాతాకు డబ్బు పంపమన్నవాళ్లను నమ్మవద్దు. నమోదు అయిన కొన్నాళ్లకు ప్రసార రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది, నెలకు 18.36 యూరోలు. ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాల్సిందే. ఇంటికి ఒక్కరు కడితే చాలు కాబట్టి, గది పంచుకునేవాళ్లు ముందే మాట్లాడుకోండి.

ఇక దేశమంతటా సిటీ బస్సులు, మెట్రోలు, ట్రాములు, ప్రాంతీయ రైళ్లలో చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్టు. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి నెలకు 63. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు సెమిస్టర్ ఫీజులోనే తక్కువకు వస్తుంది. స్టేషన్లలో గేట్లుండవు, ఎవరూ ఆపరు. మామూలు దుస్తుల్లో ఉన్న తనిఖీ సిబ్బంది పట్టుకుంటే మాత్రం 60 యూరోలు జరిమానా.

కొత్తిమీర వెనక కథ

తొలి వారంలోనే పట్టుకునే దిగులు కూరగాయలది. సూపర్ మార్కెట్‌లో వంకాయ ఒక్కోటి అరచేతికి మించి ఉంటుంది. పచ్చిమిరపకు పేరే గాని కారం ఉండదు. అప్పుడు వెళ్లాల్సింది నోయ్‌కోల్న్‌లో కాలువ గట్టున మంగళ, శుక్రవారాల్లో జరిగే మైబాఖ్ ఊఫర్ సంతకు. కట్టలు కట్టలుగా కొత్తిమీర, పుదీనా. చిన్న వంకాయలు, బెండకాయలు, సన్నటి పచ్చిమిరప. అమ్మేవాళ్లు గొంతెత్తి ధర అరుస్తుంటారు. సాయంత్రం సంత ఎత్తేసే వేళకు పెట్టెకు పెట్టె తక్కువకు ఇచ్చేస్తారు. పది శాతం వెన్నతో గట్టిగా ఉండే టర్కీ పెరుగు డబ్బా ఒకటి తెచ్చుకుంటే పెరుగన్నానికి ఇక బెంగ ఉండదు.

ఈ సంత ఇక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకుంటే ఆ కొత్తిమీర కట్ట వేరుగా కనబడుతుంది. దేశమూ ఊరూ తూర్పు, పశ్చిమాలుగా చీలి ఉన్న రోజులవి. 1961 ఆగస్టు 13న తూర్పు జర్మనీ పశ్చిమ బెర్లిన్ చుట్టూ కంచె వేయడం మొదలుపెట్టింది. తర్వాత అదే గోడ అయింది. అప్పటిదాకా తూర్పు నుంచి రోజూ పనికి వచ్చివెళ్లే వేలమంది కార్మికులు ఒక్క రాత్రితో ఆగిపోయారు. కార్మికుల కొరత అంతకుముందే ఉంది, గోడతో ఇంకా ముదిరింది. ఆ ఏడాదే అక్టోబరు 30న పశ్చిమ జర్మనీ టర్కీతో కార్మికుల ఒప్పందం చేసుకుంది. అతిథి కార్మికులు అని పేరు పెట్టి, కొన్నేళ్ల తర్వాత తిరిగి పంపుదామనుకున్నారు. వచ్చినవాళ్లకు గోడను ఆనుకున్న క్రోయ్ట్స్‌బెర్గ్, నోయ్‌కోల్న్‌లలో తక్కువ అద్దెకు పాత ఇళ్లు దొరికాయి. భార్యాబిడ్డలు వచ్చారు, కొట్లు పెట్టారు, ఊరు వాళ్లది కూడా అయింది.

గోడకు అటువైపు తూర్పు జర్మనీ 1980లో వియత్నాంతో ఒప్పందం చేసుకుని ఫ్యాక్టరీలకు కార్మికులను రప్పించింది. 1990లో రెండు జర్మనీలు కలిశాక ఫ్యాక్టరీలు మూతపడి వాళ్లు నడిరోడ్డున పడ్డారు. చాలామంది పూలు, కూరగాయలు, బట్టలు అమ్ముకుని నిలదొక్కుకున్నారు. లిష్టెన్‌బెర్గ్‌లోని డాంగ్ షువాన్ సెంటర్ షెడ్లలో ఇప్పుడు బియ్యం బస్తాలు, చింతపండు, పచ్చి అరటికాయలు దొరుకుతాయి. ఖమ్మం అబ్బాయి లెటర్ బాక్స్ పక్కనున్న టర్కీ, వియత్నాం పేర్ల వెనక ఉన్నది ఈ కథే. ఇప్పుడు వాటి వరసలో తెలుగు ఇంటిపేరు చేరింది.

మీరు అద్దెకున్న వీధి ఒకప్పుడు ఎటువైపుదో కనిపెట్టడం కష్టం కాదు. ట్రామ్ నడుస్తుంటే దాదాపుగా తూర్పు. పశ్చిమ బెర్లిన్ 1967 నాటికి ట్రాములన్నీ ఎత్తేసి బస్సులు, మెట్రో వేసుకుంది. తూర్పు వాటిని ఉంచుకుంది. రోడ్డు దాటే దగ్గర సిగ్నల్లో టోపీ పెట్టుకుని చేతులూపుతూ నడిచే పొట్టి మనిషి బొమ్మ కూడా తూర్పుదే. కార్ల్ పెగ్లావ్ అనే ట్రాఫిక్ మనస్తత్వవేత్త 1961లో దాన్ని రూపొందించాడు. రెండు జర్మనీలు కలిశాక తీసేయబోతే జనం ఒప్పుకోలేదు. ఇప్పుడు పశ్చిమ భాగంలోనూ కనబడుతుంది. ఎర్ర బొమ్మ ఉన్నప్పుడు రోడ్డు ఖాళీగా ఉన్నా దాటవద్దు. పక్కన పిల్లలుంటే పెద్దవాళ్లు ముఖం మీదే మందలిస్తారు.

బెర్నవర్ వీధిలో ఒక పూట

చూడాల్సినవి పట్టిక వేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. 100 నంబరు సిటీ బస్సు పైఅంతస్తులో ముందు సీటు దొరికించుకుంటే, జూ స్టేషన్ నుంచి అలెగ్జాండర్ ప్లాట్స్ దాకా విజయస్తంభం, పార్లమెంటు, ఉంటర్ డెన్ లిండెన్ రాజవీధి, మ్యూజియం ద్వీపం వరసగా వస్తాయి. పార్లమెంటు పైనున్న గాజు గోపురానికి ప్రవేశం ఉచితం, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లాలి. ఇవి ఎవరైనా చెబుతారు. నేను పట్టుబట్టి తీసుకెళ్లేది మాత్రం బెర్నవర్ వీధికి.

ఈ వీధిలో ఒకవైపు ఇళ్లు తూర్పు బెర్లిన్‌వి, వాటి గుమ్మం ముందున్న ఫుట్‌పాత్ పశ్చిమ బెర్లిన్‌ది. సరిహద్దు మూసిన రోజుల్లో జనం తమ ఇంటి కిటికీల్లోంచే పశ్చిమానికి దూకారు. కింద ఫైర్‌మెన్ వలలు పట్టుకుని నిల్చునేవారు. ఇడా సీక్‌మన్ అనే నర్సు 1961 ఆగస్టు 22న పరుపులు, సామాన్లు కిందికి పడేసి, వల పరిచేలోపే దూకింది. ఆస్పత్రికి తీసుకెళ్తుండగానే ప్రాణం పోయింది. మర్నాడు ఆమెకు 59 నిండేవి. గోడ దగ్గర పోయిన తొలి ప్రాణం అది. 1989 దాకా కనీసం 140 మంది గోడ దగ్గర ప్రాణాలు కోల్పోయారు. వాళ్ల ఫొటోలు ఈ వీధి పక్క గడ్డిమైదానంలో ఒక ఇనుప గోడ గూళ్లలో పెట్టారు. అందులో చిన్నపిల్లల ముఖాలూ ఉన్నాయి.

గోడ ఉన్న గీత వెంట ఇప్పుడు తుప్పు రంగు ఇనుప కడ్డీలు పాతారు. వాటి సందుల్లోంచి మనిషి అటూ ఇటూ నడవగలడు. ఒకప్పుడు తూటా పడే చోట స్కూలు పిల్లలు కడ్డీల మధ్య నుంచి దూరి ఆడుకుంటుంటారు.

ఆ గీత వెంట, సరిహద్దు పట్టీ మధ్యలో ఒక చర్చి ఉండేది. 1894 నాటిది. గోడ వచ్చాక అది ఎవరూ అడుగుపెట్టకూడని నేలలో చిక్కుకుపోయింది. 1985 జనవరిలో తూర్పు జర్మనీ ప్రభుత్వం దాన్ని పేల్చేసింది. అదే స్థలంలో 2000లో చిన్న ప్రార్థనామందిరం కట్టారు, సిమెంటుతో కాదు, మట్టితో. మట్టి పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టిన గోడలవి. కూలిన చర్చి ఇటుక ముక్కలు, రాతి ముక్కలు అందులోనే కలిపారు. దగ్గరికెళ్లి చేత్తో తడిమితే ఆ ముక్కలు తగులుతాయి. చుట్టూ ఏటా రై పంట వేస్తారు. నడినగరంలో, మెట్రో దిగి రెండడుగులు వేస్తే పొలం. భీమవరం నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆ గోడ మీద చెయ్యి వేసి, "మా తాతయ్య వాళ్ల పాతిల్లు ఇట్లాగే ఉండేదక్కా" అంది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఊరు వదిలి వచ్చాక ఆమె స్థిమితంగా కూర్చోవడం నేను చూసింది ఆ పూటే.

వీధి చివర నోర్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్. పశ్చిమ బెర్లిన్ రైళ్లు కొన్ని తూర్పు భూభాగం కింద నుంచి, ఆగకుండా పోయేవి. మూసేసిన స్టేషన్ల మసక వెలుతురులో తుపాకులతో కాపలా ఉండేది. దెయ్యపు స్టేషన్లని పేరుపడ్డ వాటి గురించిన ప్రదర్శన ఇప్పుడు ఈ స్టేషన్ మెట్ల పక్కనే ఉంది. ఇదంతా ఉచితమే.

మరో మాట. నడిచేటప్పుడు అప్పుడప్పుడు కిందికీ చూడండి. పాత ఇళ్ల గుమ్మాల ముందు, రాళ్ల మధ్య పది సెంటీమీటర్ల ఇత్తడి పలకలు మెరుస్తుంటాయి. ఫలానావారు ఇక్కడ నివసించారు, ఫలానా ఏడు పుట్టారు, ఫలానా ఏడు తరలించారు, ఆష్‌విట్జ్‌లో చంపారు అని నాలుగైదు పంక్తులు. నాజీలు చంపినవాళ్ల పేర్లవి, ఎక్కువమంది యూదులు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990లలో మొదలుపెట్టిన ఈ పలకలు యూరప్ అంతా కలిపి లక్ష దాటాయి. ఏటా నవంబరు 9న ఇరుగుపొరుగు వచ్చి వాటిని తుడిచి, పక్కన కొవ్వొత్తి పెడతారు. 1938లో అదే తేదీ రాత్రి నాజీలు యూదుల ఇళ్లు, దుకాణాలు, ప్రార్థనా మందిరాల మీద పడ్డారు. 1989లో అదే తేదీ రాత్రి గోడ తెరుచుకుంది. మీరు దిగిన ఏడాది ఆ సాయంత్రం గదిలో ఉండిపోవద్దు.

మనకన్నా ముందు వచ్చినవాళ్లు

హైదరాబాద్ నుంచి బెర్లిన్‌కు దారి వేసింది ఐటీ కంపెనీలు కావు. సరోజినీ నాయుడు తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడు. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914లో బెర్లిన్‌లో భారత విప్లవకారుల కమిటీని నిలబెట్టినవారిలో ముఖ్యుడు. తర్వాత రాష్ట్రపతి అయిన జాకిర్ హుస్సేన్ కూడా 1897లో హైదరాబాద్‌లోనే పుట్టారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేట్ చేసి 1926లో తిరిగి వెళ్లారు. ఆ విశ్వవిద్యాలయం ఉంటర్ డెన్ లిండెన్ మీద, మీరెక్కిన 100 నంబరు బస్సు దారిలోనే ఉంది.

ఇక ఆబిద్ హసన్ సఫ్రానీ. హైదరాబాదీ, జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రవాడు. 1941లో సుభాష్ చంద్రబోస్ బెర్లిన్ చేరాక చదువు పక్కనపెట్టి ఆయనకు కార్యదర్శి, దుబాసీ అయ్యాడు. జై హింద్ నినాదం ఆయన ఇచ్చిందేనని చెబుతారు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి బోస్ జలాంతర్గామిలో తూర్పు ఆసియాకు బయల్దేరినప్పుడు వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు ఈ హైదరాబాదీ. ఇంజనీరింగ్ చదువుకు ఇక్కడికి వచ్చే మన పిల్లల్లో ఎందరికి ఈ పేరు తెలుసు? మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఇంకా చోటు దక్కాలి.

మ్యూజియం ద్వీపం ఎదురుగా, హంబోల్ట్ ఫోరమ్ బయట నిలువెత్తు సాంచీ తోరణం కనబడితే ఆశ్చర్యపోకండి. సాంచీ స్తూపం తూర్పు ద్వారానికి రాతి నకలు అది, 2022లో అక్కడ నిలిపారు. సాంచీలోనే దక్షిణ తోరణం మీద, అది శాతకర్ణి రాజు శిల్పుల పెద్ద ఆనందుడి దానమని శాసనం ఉంది. శాతవాహనుల పేరు వింటూ పెరిగినవాళ్లకు ఆ రాయి ముందు నిలబడితే పరాయి ఊరన్న బెరుకు కొంత తగ్గుతుంది. నాకు తగ్గింది.

ఆదివారం, చీకటి

ఇక్కడ ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలోవి, పెట్రోలు బంకులు, వీధి చివరి చిల్లర కొట్లు మినహాయింపు. ఆదివారపు విశ్రాంతికి రాజ్యాంగ రక్షణే ఉంది. వాక్యూమ్ క్లీనర్ వేస్తే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. మనవాళ్లు మొదట్లో దీన్ని పెద్ద ఇబ్బందిగా చెబుతారు. నాకైతే కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదనిపిస్తుంది. శనివారం సాయంత్రానికి సరుకులు తెచ్చేసుకుంటే ఆదివారమంతా నడకకే. పాత విమానాశ్రయం టెంపెల్‌హోఫ్‌కు వెళ్లండి. 1948లో సోవియట్ సైన్యం దారులు మూసేసినప్పుడు పశ్చిమ బెర్లిన్‌కు బొగ్గు, పిండి విమానాల్లో దిగిన రన్‌వే అది. 2008లో విమానాలు ఆగాయి, 2010లో జనానికి తెరిచారు. ఇళ్లు కడతామంటే 2014లో ఊరి జనం ఓటేసి వద్దన్నారు. ఇప్పుడు రన్‌వే మీద సైకిళ్లు, గాలిపటాలు. డాయిచ్‌లాండ్ టికెట్టు ఎలాగూ ఉంది కాబట్టి ఇంకో ఆదివారం పోట్స్‌డామ్. అక్కడ ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సమాధి మీద జనం ఆలుగడ్డలు పెట్టి వెళ్తారు. ఆలు సాగును ప్రజల్లో ప్రచారం చేశాడని ఆయనకు పేరు.

ఇదంతా మొదటి నెలలోనే చేయమనడానికి కారణం వెలుతురు. అక్టోబరు మొదట్లో ఆరున్నర దాకా ఎండ ఉంటుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ మర్నాటి నుంచి అయిదు గంటలకే చీకటి, డిసెంబరులో నాలుగు కాకముందే. దిగులు పట్టుకునేది అప్పుడే. అంతకుముందే ఊరు పరిచయమైనవాళ్లకు చీకట్లోనూ వెళ్లడానికి నాలుగు చోట్లు తెలిసి ఉంటాయి. తెలియనివాళ్లు గదిలో ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. ఏటా రెండు రకాలవాళ్లనూ చూస్తున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. ప్యారిస్‌కు మార్చిలో వెళ్లినా ఏమీ తరిగిపోదు.

అమ్మానాన్నలకు ఒక విన్నపం. అక్టోబరు చివరి ఆదివారం నుంచి మీకూ బెర్లిన్‌కూ తేడా నాలుగున్నర గంటలు. మీకు రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి పిల్లలకు సాయంత్రం నాలుగు. రోజులో వాళ్లకు అన్నిటికన్నా బరువైన వేళ అదే. ఆ వేళకు ఫోన్ చేయండి. అన్నం తిన్నావా అని అడిగాక, ఈ వారం ఏ వీధి చూశావని కూడా అడగండి.